రాజ్యధర్మమునకు పొలిమేర గలదా?

2021వ సంవత్సరము మే నెలలో, కరోనా వ్యాధి రెండవమాఱు విజృంభించి దేశమున దినమునకు నాలుగులక్షలమందికి పైగా క్రొత్త రోగులు లెక్కకు వచ్చుచున్న కాలమున, ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను దీసికొనివచ్చు ఆంబులెన్సులను తెలంగాణ పోలీసులు రాష్ట్రపు పొలిమేరలకడ నిలిపివేసిరి. విజయవాడ దారిలో కోదాడ దాటిన పిమ్మట వచ్చు రామాపురము అడ్డరోడ్డు, మిర్యాలగూడెమునకు దిగువ కృష్ణయొడ్డుననున్న వాడపల్లి, కర్నూలు దారిలోని పుల్లూరు టోలుగేటు, ఈ చోట్ల వాహనములు వరుసలుగా నిలిచినవి. ఆసుపత్రిలో పడక నిశ్చయమైనట్లు పత్రము చూపగలిగినవారిని విడిచిరి. చూపలేనివారిని వెనుకకు మరల్చిరి. పుల్లూరుకడ ఇద్దఱు రోగులు దారిలోనే మరణించిరని పత్రికలు వ్రాసినవి.

ఈ పనికి చెప్పబడిన హేతువు చదువరులకు జ్ఞాపకముండవచ్చును. మా పడకలు, మా ప్రాణవాయువు, మా మందులు మావారికే చాలుట లేదు, పొరుగువారి కెక్కడినుండి తెత్తుమని అధికారుల వాదము. వినుటకిది న్యాయముగనే యుండును. గృహస్థుడు తన పిల్లలకు పెట్టక పొరుగింటివారికి పెట్టునా యని మనమును అందుము. ప్రజలవలన పన్ను గొని, ప్రజలచే ఎన్నుకొనబడిన ప్రభుత్వము ఆ ప్రజలకే బద్ధమై యుండవలెనా, లేక పొలిమేర కావల నున్న మనుష్యునికి గూడ ఏదేని ఋణపడి యున్నదా? పండితులు ఈ ప్రశ్నను రాజ్యములకును రాజ్యములకును నడుమ పుట్టినదిగా నెంచి, ఒడంబడికల భాషలో చర్చింతురు. మా కట్టి యవకాశము లేదు. పెద్ద గ్రంథములలో నుండవలసిన ప్రశ్న మా యూరి రోడ్డుమీదికి వచ్చి, నెత్తిమీద నెఱ్ఱదీపము తిరుగుచుండగా నిలిచినది.

ఆ రోడ్డు నడ్డగించిన గీత చరిత్ర కొంత చెప్పవలసియున్నది. అది పలుమాఱులు పుట్టి పలుమాఱులు చచ్చిన గీత. 1948 సెప్టెంబరు వఱకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెములు నైజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాకు చేరినవి. జగ్గయ్యపేట ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చేరినది, 1947తో ఆంగ్లేయులు పోయినను జిల్లా పోలేదు. ఇంతటితో సరిపోలేదు. కోదాడకును సూర్యాపేటకును నడుమనున్న మునగాల పరగణా, చుట్టును నైజాము నేల యుండగా, తాను ద్వీపమువలె నుండి కృష్ణాజిల్లాలోనిదై యుండెడిది. అనగా నడిచి సూర్యాపేటకు పోవు కోదాడవాడు ఒక్క ప్రయాణములో రెండుమాఱులు రాజ్యము మాఱెడివాడు. ఆ మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, వారి దివానైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో నుండిరి. ఒక రాజ్యపు జమీందారు మఱియొక రాజ్యపు రాజధానిలో తెలుగువారు చదువుకొనుటకు పుస్తకము లిచ్చెను. 1956 నవంబరు 1న ఆ గీత చెరిగినది. 2014 జూను 2న మరల గీయబడినది.

నేను సూర్యాపేటలో పుట్టి కోదాడలో పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్నవాడను. మా అమ్మగారి పుట్టినిల్లు జగ్గయ్యపేట ప్రక్కనున్న పల్లె. ఈ ప్రాంతములో ఇట్టి సంబంధము లేని యిల్లు వెదకిన దొరకుట కష్టము. కోడలు ఆవలిది, కూతురావలికి పోయినది, పొలమీవల, బావి యావల. ఆ మే నెలలోనే మా మేనమామకు జ్వరము వచ్చి ఊపిరి తగ్గజొచ్చెను. ఆయన కుమారుడు రాత్రి పదిగంటలకు నాకు ఫోను చేసి, "బావా, నాన్నను హైదరాబాదు తీసుకుపోదామనుకుంటున్నాము, మీ వాళ్లు రానిస్తారా?" అని యడిగెను. చిన్ననాడు వేసవి సెలవులలో ఒకే కంచములో తినిన మేమిద్దరము పుట్టినది మొదలు ఒకరి నొకరు "మీ వాళ్లు" అని యెఱుగము. విజయవాడలో పడక దొరకి ఆయన బ్రదికెను గనుక ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మియ్యవలసిన పని నాకు లేకపోయినది. కాని ఒక తెల్లవాఱులోపల బావమఱదుల నడుమ "మీ వాళ్లు" అను మాట పుట్టించుట కెంత స్వల్పమైన యేర్పాటు చాలునో, ఒక చెక్పోస్టును నలుగురు మనుష్యులును చాలునని, నేనానాడు చూచితిని.

తెలంగాణమునే నిందించుట యన్యాయము. ఏడాదికి ముందు ఇదే దారిలో కథ తలక్రిందుగా నడిచినది. 2020 మార్చి 25న దేశమంతట ఇరువదియొక్క దినముల దిగ్బంధము మొదలు కాగా, హైదరాబాదులోని వసతిగృహములవారు పిల్లలను ఖాళీ చేయుమనిరి. పోలీసులు వారికి అనుమతిపత్రములిచ్చిరి. వేలకొలది విద్యార్థులు, చిన్న యుద్యోగులు మోటారుసైకిళ్లమీదను అద్దెకార్లలోను బయలుదేరి కోదాడ దాటి గరికపాడు చేరిరి. అచ్చట ఆంధ్రప్రదేశపు పోలీసులు వారి నాపిరి. వాడపల్లి వంతెన కావలనున్న పొందుగలకడ నిట్లే. ఒక ప్రభుత్వమిచ్చిన కాగితమును పదియడుగుల యవతల మఱియొక ప్రభుత్వము చెల్లదనెను. వచ్చినవారు ఆంధ్రప్రదేశీయులే, పోవునది వారి యిండ్లకే. ఎక్కడివా రక్కడ నుండుడని, కాదని వచ్చినచో పదునాలుగు దినములు వేఱుగా నుండవలెనని ఆ ప్రభుత్వము చెప్పినది. వ్యాధి వ్యాపింపకుండుటకు వేఱుగా నుంచుట శాస్త్రసమ్మతమే. రాత్రియంతయు రోడ్డుమీద గుంపుగా నిలిపి యుంచుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.

మఱునెలలో వంతు సూర్యాపేటకు వచ్చెను. కూరగాయల మార్కెటుద్వారా వ్యాధి పాకి ఏప్రిలు నెలలో మా యూరను చుట్టుప్రక్కలను ఎనుబదిమందికి పైగా రోగులు తేలిరి. సూర్యాపేట పేరు చెప్పినంతనే మనుష్యులు రెండడుగులు వెనుకకు వేయుట నేను కన్నులార గాంచితిని. కొన్ని పల్లెలవారు దారులకు ముండ్లకంప లడ్డము వేసికొనిరి. రాష్ట్రము రాష్ట్రమునకు చేసినది జిల్లా జిల్లాకును, ఊరు ఊరికిని, కడపట వీథి వీథికిని చేసినవి. భయము పొలిమేర గీయ నారంభించినచో ఎక్కడను నిలువదు. దాని సహజమైన తుద ఒక్కొక్క మనుష్యుని తలుపు గడియ.

2021 మే 11న తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీగారి ధర్మాసనము, ఆంబులెన్సుల నడ్డగింపవలదని చెప్పెను. ఆ దినముననే ప్రభుత్వమొక సర్క్యులరు వెలువరించి, పొరుగు రాష్ట్రపు రోగులు ముందుగా ఆసుపత్రితో ఏర్పాటు చేసికొని, కంట్రోలు రూముద్వారా అనుమతి పొందిననే రావలెనని విధించెను. మే 14న న్యాయస్థానము దానిని గూడ నిలిపివేసెను. మన రాజ్యాంగములో 19వ అధికరణము ఇచ్చు సంచారస్వాతంత్ర్యము పౌరునికి మాత్రమే. 21వ అధికరణము కాపాడు ప్రాణము ఏ వ్యక్తిదైనను సరియే. ఆ రెండు పదముల భేదమును రాజ్యాంగకర్తలు ఎఱిగియే వ్రాసిరి. అదియుగాక 2014నాటి పునర్విభజన చట్టముయొక్క 5వ విభాగము ప్రకారము 2024 జూను 2 వఱకు హైదరాబాదు రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధాని. తమ రాజధానికి తాము పోవుచున్నవారిని పరదేశీయులని యాపిన చిత్రము చట్టము చదివినవారికి నవ్వు తెప్పింపవలసినది. ఆ వాహనములో పండుకొనినవారిని తలచుకొనినచో నవ్వు రాదు.

ఇక "మావారికే చాలుట లేదు" అను వాదము. దీనిని నేను తేలికగా త్రోసివేయను. పడకలు తక్కువగుట నిజము. కాని ఇందులో రెండు వేఱువేఱు పనులు కలిసిపోయి యున్నవి. తన ఖజానానుండి పొరుగువానికి వైద్యము చేయించుట యొకటి. తన సొమ్ముతో, తన బండిలో, తానెఱిగిన వైద్యునికడకు పోవుచున్న పొరుగువానిని దారిలో నిలుపుట మఱియొకటి. మొదటిది ఇచ్చుట, రెండవది అడ్డుట. ఇచ్చుటకు కలిమినిబట్టి హద్దుండును; అడ్డకుండుటకు ఖర్చేమున్నది? ఇంటిలో బియ్యము నిండుకొనినచో అతిథికి పెట్టలేమని చెప్పుట తప్పు కాదు. అతడు ముందింటికి పోవుచుండగా వీథి కడ్డముగా మంచము వేయుట తప్పు. ఆసుపత్రిలో పడక యెవరికని నిర్ణయింపవలసినది రోగముయొక్క తీవ్రత నెఱిగిన వైద్యుడు. ఆధారుకార్డుమీది చిరునామా చూచి ఆ నిర్ణయము రోడ్డుమీద చేయుటకు పోలీసుకు ఏ వైద్యము తెలియును?

దేశములకును దేశములకును నడుమగూడ ధర్మము ఈ రీతిగనే విభజింపబడి యున్నది. 1966లో ఐక్యరాజ్యసమితి యామోదించిన ఆర్థిక, సాంఘిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో భారతదేశము 1979లో చేరినది. దాని 12వ అధికరణము అంటువ్యాధుల నివారణమును, చికిత్సను ప్రతి రాజ్యమునకు విధిగా జేసినది. 2వ అధికరణము ఈ పనులను తానుగాను, ఇతర దేశముల సహాయ సహకారములతోను చేయవలెననుచున్నది. దానికి తోబుట్టువైన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో "తన నేలమీదను, తన యధికారము క్రిందను ఉన్నవారికి" అను నర్థముగల హద్దు స్పష్టముగా గలదు. ఇందులో అట్టి హద్దు లేదు. ఈ ఒడంబడికను వ్యాఖ్యానించు సమితి 2000వ సంవత్సరమున ఆరోగ్యపు హక్కునుగూర్చి వ్రాయుచు, ఇతర దేశములలోని వారి యారోగ్యమునకు చెఱుపు చేయరాదనియు, తన యధీనములోని సంస్థలను చేయనీయరాదనియు, తన వనరుల మేరకు వారికి వైద్యము లభించునట్లు తోడ్పడవలెననియు చెప్పినది. చూచితిరా, "వనరుల మేరకు" అను మాట తోడ్పాటుకే యున్నది కాని చెఱుపు చేయకుండుటకు లేదు. మనుష్యులనుగాని సరకులనుగాని అవసరమునకు మించి అడ్డగింపరాదని 2005నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు గూడ విధించినవి. తెలంగాణము అంతర్జాతీయ ధర్మములో రాజ్యము కాదని నాకు తెలియును. కాని దేశాంతరవాసికే చేయరాని పనిని మేనమామకు చేయవచ్చునా?

ఇవన్నియు పాశ్చాత్యుల తలపులని కొందఱందురు. మన వేదములలో లేనిదేమున్నదని మఱికొందఱందురు. ఇరువురితోడను నాకు పేచీయే. సంస్కృతము చదివిన వాడనగుటచే మన ప్రాచీనులలో నున్నదానిని ఉన్నంతమట్టుకు చెప్పెదను. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాలుగవ యధికరణములో అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము మొదలైన ఎనిమిది దైవికములగు మహాభయములను లెక్కించి, దుర్భిక్షమందు రాజు మిత్రరాజుల సహాయము కోరవచ్చుననియు, తన ప్రజలతోకూడ పంట పండిన వేఱు దేశమునకు పోవచ్చుననియు చెప్పెను. ఒకడు పోవలెనన్న వేఱొకడు రానీయవలెను గదా! రానిచ్చువాని ధర్మమేమో కౌటిల్యుడు విప్పి చెప్పలేదు. అశోకుడు చెప్పెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడికడ గుండ్లమీద చెక్కబడిన ఆయన రెండవ ధర్మశాసనములో, తన రాజ్యమందే కాక పొలిమేరల కావలనున్న చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్రుల నేలలయందును, తామ్రపర్ణియందును, యవనరాజైన అంతియోకుని రాజ్యమందును, మనుష్యులకును పశువులకును వైద్యమేర్పఱచితిననియు, ఓషధులు లేనిచోటికి వానిని తెప్పించి నాటించితిననియు గలదు. మా సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధస్థలమున ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని కాలపు శాసనమొకటి దొరకినది. అందు ధర్మచక్రమును నిలిపిన దాత రాజవైద్యుడు. పొలిమేర దాటిన వైద్యమునకు సాక్ష్యము మనకు రాతిమీద నున్నది. ఐనను రాతిని చూపి మురియువారు గరికపాడున, రామాపురమున ఏమి జరిగెనో గూడ చెప్పవలెను.

టీకాల కథ ఈ పరీక్షను పెద్దదిగా జేసినది. కోవాక్సిన్ హైదరాబాదులోని భారత్ బయోటెక్కువారు చేసినది. కోవిషీల్డు పూనాలో తయారయ్యెను. 2021 జనవరి 20న భారతప్రభుత్వము భూటానుకును మాల్దీవులకును టీకాలు పంపుట మొదలిడి, ఏప్రిలు వఱకు తొంబదికిపైగా దేశములకు ఆరుకోట్ల అరువదిలక్షలకు పైగా మోతాదులను, కొన్నింటిని దానముగను, ఎక్కువభాగమును వెలకును, పంపినది. అప్పుడు మనయందే వ్యాధి మండుటచే ఎగుమతి నిలిచెను. తన యిల్లు కాలుచుండగా నీళ్లను తనకు వాడుకొనుట దోషమని నేననను. కాని నేపాలము ఇరువదిలక్షల మోతాదులకు సొమ్ములో నధికభాగము ముందే చెల్లించి పదిలక్షలే పొందియుండెను. మొదటి సూది వేయించుకొన్న లక్షలాది వృద్ధులు రెండవదానికై నెలలకొలది యెదురుచూచి, కడకు ఆగస్టులో జపాను దానమిచ్చిన టీకాలతో దానిని ముగించుకొనిరి. ఇది దానము మానుట కాదు, మాట తప్పుట. వెల గొనిన సరకును గూర్చి వర్తకుడే యట్లు చేసినచో మన మేమందుము? అక్టోబరులో ఎగుమతి మరల సాగినది.

అయినను మఱియొకచోట మన దేశము నిలిచిన పక్షము గొప్పది. 2020 అక్టోబరు 2న భారతదేశమును దక్షిణాఫ్రికాయు ప్రపంచ వర్తకసంస్థలో, వ్యాధి యున్నంతకాలము టీకాలు, మందులు, పరీక్షాసాధనములపై పేటెంటు మొదలైన హక్కుల నమలుపఱుపవలదని ప్రతిపాదించినవి. ఐరోపా సమాఖ్య, బ్రిటను, స్విట్జర్లండు అడ్డుకొనినవి. 2022 జూను 17న అంగీకరింపబడిన తీర్మానము టీకాల పేటెంట్లకే పరిమితమైన చిక్కిన రూపము. మందులు, పరీక్షలు అందులో చేరలేదు. అప్పటికి కోట్లమంది వ్యాధి తగిలి లేచియుండిరి, లక్షలమంది లేవకయుండిరి. పేటెంటు లేకయే పని సాగునని చూపినది మఱల హైదరాబాదే. టెక్సాసులోని పీటరు హోటెజ్, మరియా ఎలీనా బొట్టాజీ అను శాస్త్రజ్ఞులు పేటెంటు తీసికొనక యిచ్చిన విద్యతో బయొలాజికల్ ఇ సంస్థవారు కోర్బెవాక్స్ చేసిరి; 2021 డిసెంబరు 28న దానికి అనుమతి వచ్చినది. 2021 మేలో మనము ఊపిరికై వెదకుచుండగా కువైటు, ఖతరులు ప్రాణవాయువును ఓడలలో పంపినవి. కెన్యా పండ్రెండు టన్నుల తేయాకును, కాఫీని, వేరుసెనగలను పంపినది. కెన్యాను చూచి ఎగతాళి చేసినవారు మనలో నుండిరి. తనయొద్ద నున్నదానిని పంపినవాని దానమును తూకమువేయు సంస్కారము మనకెక్కడినుండి వచ్చినదో!

పొలిమేర దాటినవారు పరులే కానక్కఱలేదు, మనవారును గావచ్చును. గల్ఫుదేశములలో నున్న తెలంగాణ కూలీలు పనులు పోయి, జీతపు బాకీలు రాక, 2020 మేలో వందేభారతు విమానముల టిక్కెట్టు తామే కొనుక్కొని తిరిగివచ్చిరి. ఆ సెప్టెంబరులో కేంద్రప్రభుత్వమే గల్ఫుకు పోవువారికి కోరవలసిన కనీసపు వేతనమును నూటికి ముప్పది మొదలు ఏబదివంతుల వఱకు తగ్గించినది; వేతనమెక్కువయైనచో ఉద్యోగము లితర దేశీయులకు పోవునని దాని వాదము. కూలీలపక్షమున తెలంగాణ ఉన్నత న్యాయస్థానములో వ్యాజ్యము పడినది. 2021లో ప్రభుత్వమా యుత్తరువులను వెనుకకు తీసికొనెను. పరదేశములో తన పౌరుని కూలిని తానే తగ్గించు రాజ్యము, ఆ దేశపు యజమానితో ఏ ముఖముతో మాటలాడును?

దీని కెదురుగా మిర్యాలగూడెపు బియ్యపుమిల్లుల కథ గలదు. అచ్చటి బస్తాలు మోయువారిలో బీహారువారు మిక్కుటము. 2020 మార్చి చివర తెలంగాణ ప్రభుత్వము, రేషనుకార్డు లేని వలసకూలీ ఒక్కొక్కనికి 12 కిలోల బియ్యమును 500 రూపాయలను ప్రకటించి, వారు మన యభివృద్ధిలో పాలివారనెను. మే 1న దేశములో తొలి వలసకూలీల రైలు లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు పోయినది. వారమునకే, మే 8న, బీహారు ఖగడియానుండి రెండువందలకు పైగా హమాలీలతో ప్రత్యేకమైన రైలు లింగంపల్లికి వచ్చినది. యాసంగి ధాన్యము మిల్లులలో కుప్పలుపడి యుండెను గదా. ఆ కూలీలకు పూలిచ్చి స్వాగతము పలికిరి, బస్సులలో మిల్లులకు పంపిరి. మంచిపనియే. కాని మఱుసటి యేడు మే నెలలో, అదే ప్రభుత్వపు పొలిమేరలో, బస్తా మోయలేని రోగికి దారి దొరకలేదు. మనుష్యుడు పనికివచ్చునప్పుడు పొలిమేర తెఱచుకొనుట వర్తకము. ఏ పనికిని రానప్పుడు తెఱచుకొనుటకే ధర్మమను పేరు పెట్టిరి.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్యసభ మహమ్మారుల ఒడంబడిక నొకదాని నామోదించినది. మంచిదే, జెనీవాలో జరుగునది జెనీవాలో జరుగుగాక. మా కావశ్యకమైనది చిన్నది. ఆంధ్రప్రదేశ, తెలంగాణ ప్రభుత్వములు రెండును వ్యాధి లేని యీ కాలముననే కూర్చుండి, అంటువ్యాధి సమయమున రోగిని ఏ చెక్పోస్టునను ఆపరాదనియు, పరీక్ష చేయవలసినచో వాహనము కదలుచుండగా వెంట నొక నర్సును పంపి చేయింపవలెననియు, ఒకరి యనుమతిపత్రము రెండవవారికి చెల్లుననియు, పొరుగు రాష్ట్రపు రోగులకైన ఖర్చును ఏటేట లెక్కచూచుకొని తీర్చుకొందుమనియు ఒక కాగితము వ్రాసికొనవలెను. అది నాలుగు పంక్తుల కాగితము. దానిని తెలుగులో, పెద్ద అక్షరములతో అచ్చువేయించి, రామాపురమునను గరికపాడునను, వాడపల్లి వంతెన కిరువైపులను, కానిస్టేబులును డ్రైవరును ఇద్దఱును చదువగలిగినంత యెత్తున అంటింపవలెను.